అదేటంటే

మా సభకి పేరు లేదు. అధ్యక్షుడు లేడు, ఎజెండా లేదు. ఒకే ఒక్క నియమం ఉండేది. ఎవరు ఏ మాట అన్నా పక్కవాళ్ళు "నీకెలా తెల్సు?" అని అడగొచ్చు. అడిగినందుకు కోపం తెచ్చుకోకూడదు. జవాబు లేకపోతే "తెలీదు" అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్ళకి రెండో విడత టీ ముందుగా పోసేవారు. ఈ చివరి ఏర్పాటు మా అమ్మది. "తెలీదని ఒప్పుకున్న మగోడు ఈ ఇంట్లో కనిపించడమే గొప్ప. ఆడికి టీ ఇవ్వకపోతే పాపం" అనేది.

భిలాయిలో, సెక్టర్ ఏడులోని మా క్వార్టర్ వెనక, జామచెట్టు కింద ప్రతి ఆదివారం పొద్దున ఈ సభ జరిగేది. తొంభైల మొదట్లో సంగతి. నేను అప్పుడు బీయస్సీ చదువుతున్నాను. చలికాలమైతే మధ్యలో బొగ్గుల కుంపటి, అదే సిగడీ, ఉండేది, ఎండాకాలమైతే నేల మీద నీళ్ళు చల్లేవాళ్ళం. సందు చివర హోటల్ నుంచి పోహా, జిలేబీ తెప్పించుకునేవాళ్ళం. దేవుడున్నాడా, చచ్చాక ఏమవుతాం, మనసనేది ఎక్కడుంటుంది, మంచిగా బతకడం అంటే ఏమిటి, ఇలాంటివి మా విషయాలు. జిలేబీ అయిపోయేది గానీ ఒక్క విషయమూ తేలేది కాదు.

మా నాన్న అక్కడి ఉక్కు ప్లాంట్‌లో ఫిట్టర్. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. దొరికిన పుస్తకమల్లా చదివేవాడు, చదివిందంతా ఆదివారం మా నెత్తిన పోసేవాడు. ఏ పూజకీ చెయ్యి కలిపేవాడు కాదు. అలాగని అమ్మ దేవుడి అలమర జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఆయన హేతువాదానికి అంత ధైర్యం లేదు.

రెండో సభ్యుడు రైలు మావయ్య. గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. చుట్టరికం ఏమీ లేదు, నాన్నా ఆయనా "బావా" అంటే "బావా" అనుకునేవారు గనక నాకు మావయ్య అయ్యాడు. ఆయన క్రైస్తవుడు. చర్చిలో ప్రార్థన కాగానే ఇస్త్రీ నలగని చొక్కాతో నేరుగా మా జామచెట్టు కిందికి వచ్చేవాడు. "అక్కడ నమ్ముతాను, ఇక్కడ వాదిస్తాను. రెండూ ఆదివారం పనులే" అనేవాడు.

మూడో మనిషి బాబాయి, ఈయనా పిలుపుకే. ఇది ఆయన కథ. శ్రీకాకుళం జిల్లా మనిషి, క్యాంప్ టూ అనే బస్తీలో ఉండేవాడు. ప్లాంట్‌లో కరిగిన ఉక్కు నిండిన పెద్ద గంగాళాలుంటాయి, వాటిని లాడిల్ అంటారు. ఆ లాడిల్‌ని కొక్కేనికి తగిలించుకుని, తొణక్కుండా తీసుకెళ్ళి దించాల్సిన చోట దించే క్రేన్ ఆయనది. ఆ పని అంటే ఆయనకి ప్రాణం. "పైన కేబిన్లో కూకుంటే ఎవుడూ వచ్చి సలహా ఇవ్వడే గుంటా" అనేవాడు. గుంట అంటే నేనే. మా వైపు పిల్లని అలాగే పిలుస్తారు.

నన్ను సభలోకి రానిచ్చింది కూడా బాబాయే. మొదటిసారి నేను నోరు విప్పినప్పుడు నాన్న "నువ్వు పోయి చదువుకో" అన్నాడు. బాబాయి నా కోసం స్టూలు జరిపి, "అది సదివేదే మనం మాటాడుతున్నాం గదన్నయ్యా. సదివినోల్ని ఎల్లగొట్టి సదవనోలు వాదించుకోడమేటి?" అన్నాడు. ఆ స్టూలు మీద నాలుగేళ్ళు కూర్చున్నాను. కాలేజీలో బెంచీ మీద నేర్చుకున్నదానికన్నా అక్కడ ఎక్కువ నేర్చుకున్నానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఒక ఏడాది చలికాలమంతా మా గొడవ ఒకే మాట మీద నడిచింది. నాన్న ఏదో పుస్తకం చదివి "చైతన్యం" పట్టుకున్నాడు. మెదడు మాంసం ముద్ద కదా, అందులోంచి "నేనున్నాను" అనే ఎరుక ఎలా పుడుతుంది? ఇది ఆయన ప్రశ్న. బాబాయికి ప్రశ్న నచ్చింది, మాట నచ్చలేదు.

"చైతన్యమేటి అన్నయ్యా, తెలివి అనరాదా?"

"తెలివి వేరు, చైతన్యం వేరు. నువ్వు అనేది ఊరి మాట. ఇది శాస్త్రం."

"ఊర్లో ఉన్నోడికి ఉండదేటి మరి ఆ చైతన్యం?"

నేను నాన్న పక్షం. నాది భిలాయిలో పుట్టి హిందీలో పెరిగిన తెలుగు. చదవడం, రాయడం ఆ తర్వాత పంతం పట్టి నేర్చుకున్నాను. అప్పటికి నాకు తెలిసిన "తెలివి" ఒక్కటే. గ్లాసు జారవిడిస్తే అమ్మ "తెలివితక్కువదానా" అనేది చూడండి, ఆ తెలివి. మెదడులో ఎరుక గురించి మాట్లాడుతుంటే మధ్యలో తెలివితేటలు తెస్తాడేమిటి ఈయన అని లోలోపల విసుక్కునేదాన్ని.

సంక్రాంతి సెలవులు దాటాక బాబాయికి కడుపులో నొప్పి మొదలైంది. కుడి పక్కన, పక్కటెముకల కింద. మొదట గ్యాసన్నారు, వాము నమిలాడు. ఒకరోజు కేబిన్లో ఉండగా నొప్పి ఎంతలా వచ్చిందంటే, లాడిల్‌ని భద్రంగా దించి, మీట వదిలి, అక్కడే ముడుచుకుపోయాడు. ఇద్దరు ఎక్కి ఆయన్ని మెల్లగా కిందికి దింపారు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చేయాలి, అది అయ్యేదాకా క్రేన్ ఎక్కడానికి వీల్లేదు అన్నారు ఆస్పత్రిలో. ఆయన్ని కిందనే ఒక గదిలో ఏదో చిన్న పనికి కూర్చోబెట్టారు. కింద కూర్చున్న బాబాయిని చూస్తే నాకు ఏడుపొచ్చేది. అందరూ సలహాలిచ్చేవారు మరి.

ఆపరేషన్‌కి మాత్రం ఒప్పుకోడు. ఈ వారం చలి అన్నాడు. వచ్చే వారం ఊర్నుంచి బామ్మర్ది వస్తాడన్నాడు. ఆ పై వారం, నొప్పి తగ్గిపోయిందన్నాడు, అంటూనే జిలేబీ పక్కన పెట్టి కుడి డొక్క పట్టుకున్నాడు. కత్తికి భయపడుతున్నాడనుకున్నాం. నాన్న కత్తి భయం పోగొట్టడానికి గంటసేపు ఉపన్యాసమిచ్చాడు.

"కత్తికి భయమేటి అన్నయ్యా," అన్నాడు బాబాయి చివరికి, సిగడీ వైపు చూస్తూ. "మత్తుకి."

పుల్లతో ఒక బొగ్గుని లోపలికి ఎగదోశాడు.

"నిద్దరయితే నాకు భయం లేదు. కలొస్తాది, దోమ కుడితే తెలుస్తాది, షిఫ్ట్ టైముకి లెగుస్తాను. ఇది అలాగ కాదంట. పొట్ట కోసినా తెలీదంట. అంటే అక్కడ నాను లేను. లేనోడు మళ్ళీ ఎలగొస్తాడు? ఎవుడో ఒకడు లెగుస్తాడు. ఆడికి నా పేరు తెలుస్తాది, నా ఇల్లు తెలుస్తాది, నానే అనుకుంతాడు. ఆడు నానేనని ఎలా తెల్సు?"

మా నియమాన్ని ఎవరెవరి మీదో వాడాం. దేవుడి మీద వాడాం, జాతకాల మీద వాడాం, మావయ్య మీదైతే ప్రతి వారం వాడాం. అది ఇలా తిరిగి వచ్చి మా మనిషి పీకే పట్టుకుంటుందని ఎవరు అనుకున్నారు?

నాన్న తేరుకుని, "బ్లాస్ట్ ఫర్నేస్‌ని రిపేరుకి ఆపితే పూర్తిగా ఆర్పేస్తారా? గాలి తగ్గించి, నిప్పు లోపలే నిలబెట్టి ఉంచుతారు. మనిషీ అంతే. గుండె ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది" అన్నాడు.

"కొలిమికి నాను కొలిమినని తెలీదు గదన్నయ్యా. దానికేటి బెంగ?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "అందుకే నేను చెప్పేది. నువ్వు లేనప్పుడు కూడా నీ ఆత్మ ఉంటుంది. అదే కాపలా."

"నీకెలా తెల్సు గార్డు గారూ?"

ఈ ప్రశ్నకి మావయ్య దగ్గర ఎప్పుడూ పది జవాబులుండేవి. ఆ రోజు బాబాయి మొహం చూసి ఆగిపోయాడు. "తెలీదు," అన్నాడు నెమ్మదిగా. "నమ్ముతాను, అంతే." అమ్మ కెటిల్ పట్టుకుని కాసేపు ఆలోచించి ఆయనకి సగం కప్పు పోసింది.

నాకైతే ఒళ్ళు మండింది. "బాబాయ్, రాళ్ళు నీ కడుపులో ఉన్నాయి, నీ తత్వంలో లేవు. పోయి తీయించుకో!" అని అరిచాను. అరిచాక భయమేసింది. ఆయన పోతాడేమోనని నాకున్న భయమే అలా కోపంగా బయటికొచ్చింది. బాబాయి నొచ్చుకోలేదు. "జవాబు సెప్పలేక అరుస్తన్నావే గుంటా" అన్నాడంతే.

మర్నాడు పిన్ని మా ఇంటికి వచ్చింది. బాబాయి భార్య ఆమె. కూరగాయల వాళ్ళతో బేరమాడటానికి సరిపడా హిందీ వచ్చు గానీ డాక్టరు ముందు నోరు పెగిలేది కాదు. "మీ బాబాయిని ఎలగోలాగ తీసుకెల్తాను. ఆయన అక్కడ మాటాడడు. నువ్వు రామ్మా, నానడిగింది నువ్వు హిందీలో అడుగు" అంది. సరేనన్నాను. నా హిందీ మీద నాకు మహా గర్వం.

డాక్టరు పెద్దాయన, ఓపికున్న మనిషి. బాబాయి కుర్చీలో మూతి బిగించి, గది పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. పిన్ని నొప్పి గురించి అడిగింది, కుట్ల గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. నేను చకచకా హిందీలోకి మార్చాను. చివరికి పిన్ని చీర కొంగు నలుపుతూ అసలు ప్రశ్న అడిగింది.

"మత్తిచ్చేక ఈయనకి ఎంతసేపటికి తెలివొస్తాదో అడుగమ్మా."

నేను క్షణం తడబడకుండా డాక్టరు వైపు తిరిగి, "డాక్టర్ సాబ్, ఇన్‌కో అక్ల్ కబ్ ఆయేగీ?" అన్నాను. ఈయనకి బుద్ధి ఎప్పుడొస్తుంది అని.

డాక్టరు కలం కింద పెట్టాడు. పిన్నిని చూశాడు, బాబాయిని చూశాడు. "బేటీ," అన్నాడు గంభీరంగా, "రాళ్ళయితే నేను తీసేస్తాను. అక్ల్ పెట్టే ఆపరేషన్ ఇంకా రాలేదు."

బాబాయి పగలబడి నవ్వాడు. ఎన్ని వారాల తర్వాతో. నవ్వుతుంటే నొప్పొచ్చి, నొప్పితో మెలికలు తిరుగుతూనే నవ్వాడు. పిన్నికి ఏం జరిగిందో అర్థంకాక నన్ను గిల్లింది. నాకూ అర్థం కాలేదు. నేను సరిగ్గానే అడిగాను కదా!

బయట చెట్టు కింద రిక్షా కోసం నిలబడ్డప్పుడు బాబాయి చెప్పాడు. "తెలివంటే నువ్వనుకునే అక్ల్ ఒకటే కాదే. హోష్ కూడా. మనోడెవుడైనా పడిపోతే తెలివి తప్పిందంతాం. లెగిస్తే తెలివొచ్చిందంతాం. పొద్దున్న మెలకువొచ్చినా తెలివొచ్చిందనే అంతాం."

"రెండిటికీ ఒకటే మాటా?"

"ఒకటే."

"మరి ఎవరికి ఏది వచ్చిందో ఎలా తెలుస్తుంది?"

బాబాయి నవ్వబోయి ఆగాడు. రెండు రిక్షాలు ఖాళీగానే వెళ్ళిపోయాయి, ఆయన చెయ్యెత్తలేదు. పిన్ని నా వైపు చూసింది. నేను మళ్ళీ ఏదో తప్పు మాట అన్నాననుకున్నాను.

"లెగిసినోడు నానా, కాదా అని ఇన్నాల్లూ బెంగెట్టుకున్నాను," అన్నాడు చివరికి. "ఎవుడైతేనేటి? ఆడికి తెలివుంటే సాలు గదేటి. మెలకువా ఉండాలి, బుద్దీ ఉండాలి. పడుకునే ముందు నాకే రెండోది సగం సగంగా ఉంది. లెగిసినోడికి పూర్తిగా ఉంటే మీ పిన్నికే లాభం." తర్వాత రిక్షాని పిలిచి, నా తల మీద చెయ్యి వేసి, "డాక్టర్ని డేటు సెప్పమను" అన్నాడు.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఈ ప్రశ్న మీద గొప్పవాళ్ళు చేసిన వాదనలు చదివాను. బాబాయి రిక్షా కోసం నిలబడి చెప్పిన ముక్కే నాకు ఇప్పటికీ ఎక్కువ నచ్చుతుంది. అది వాదనగా నిలబడదని నాకు తెలుసు. నచ్చడం వేరు, నిలబడటం వేరు.

అయితే ఆయన కూడా మా సభ మనిషే, పరీక్ష లేకుండా ఊరుకోలేదు. ఆస్పత్రిలో చేరే ముందటి ఆదివారం మావయ్య అడిగిన ప్రశ్న మీద మాట నడుస్తోంది. మంచిగా బతకడం అంటే ఏమిటి? నాన్న తన వంతు చెప్పాడు, మావయ్య చెప్పాడు, నేనూ ఏదో చెప్పాను. బాబాయి అన్నీ విని, టీ గ్లాసు కింద పెట్టి, అన్నాడు:

"ఇన్నేల్లు పైనుంచి సూసి సూసి నాకో సంగతి తెలిసింది. మంచిగ బతకడానికి మడిసికి కావల్సింది ఒకటే. అదేటంటే..."

ఆగాడు. లేచాడు. చెప్పులేసుకుని సైకిలు స్టాండు తీశాడు.

"అదేటంటే?" అన్నాడు మావయ్య.

"లెగిసేక సెప్తాను. మిగిలిన ముక్క సెప్పినోడే నాను. సెప్పలేకపోతే ఆడు ఎవుడో కొత్తోడు."

"అది రుజువు కాదు," అన్నాడు నాన్న వెంటనే. "నీ జ్ఞాపకాలున్న వాడెవడైనా చెప్పగలడు."

"తెల్సు అన్నయ్యా. రుజువు గాకపోయినా ఆసరా గదా" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆపరేషన్ రోజు వరండాలో బల్ల మీద వరసగా కూర్చున్నాం. పిన్ని చివర, నేను ఆమె పక్కన, ఆ పక్కన నాన్న, మావయ్య. మావయ్య పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నాడు. నాన్న "ఎలా తెల్సు" అని అడగలేదు. పైగా కాసేపటికి వంగి, "బావా, నా పేరున కూడా ఓ మాట చెప్పు" అన్నాడు మెల్లగా. ఆ మాట ఆదివారం ఎప్పుడూ సభలోకి రాలేదు. నేనూ ఎత్తలేదు.

ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారు. చాలాసేపయ్యాక లోపలికి పిలిచారు. బాబాయి మొహం వాడిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచాడు. పిన్ని ఆయన మీదికి వంగి, "తెలివొచ్చిందేటి?" అంది. ఆయన తలూపాడు.

మావయ్యకి ఆత్రం ఆగలేదు. మంచం కడ్డీ పట్టుకుని, "అదేటంటే?" అన్నాడు.

బాబాయి ఆయన వైపు చూశాడు. "ఏది... ఏటంటే?"

"అదేనయ్యా. మంచిగా బతకడానికి మనిషికి కావల్సింది ఒకటే అన్నావు. అదేటంటే?"

బాబాయి కనుబొమలు ముడిపడ్డాయి. వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. నాన్న చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. ఆయనకి సిద్ధాంతం ప్రకారం ఈ పరీక్ష మీద నమ్మకం లేదు. అయినా బిగుసుకుంది.

"గుర్తు లేదు," అన్నాడు బాబాయి. తర్వాత కళ్ళల్లో మెల్లగా భయం కమ్ముకుంది. "అయితే లెగిసినోడు... ఆడు కాడేటి?"

నేనేదో చెప్పబోయాను. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదని, కాసేపు ఆగితే గుర్తొస్తుందని, శాస్త్రీయంగా. పిన్ని నన్ను మోచేత్తో పక్కకి తోసింది. పెళ్ళైన దగ్గర్నుంచి మొగుణ్ణి "మీ బాబాయి", "ఆయన" అనడమే తప్ప మరో మాట ఎరగని మనిషి. కొంగుతో ఆయన పెదాలు తడి చేసి, మొహం పరీక్షగా అటూ ఇటూ చూసి, మా అందరికీ వినిపించేలా అంది:

"ఆడు కాపోతే పోనీ. ఈడు బాగున్నాడు. నాను ఈడ్నే ఇంటికి తీసుకెల్తాను."

నాన్న కిటికీ వైపు తిరిగిపోయాడు. మావయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బాబాయి నవ్వబోతే కుట్లు లాగి "అబ్బా" అన్నాడు. అప్పుడే డాక్టరు వచ్చి, అందరినీ చూసి, నన్ను గుర్తుపట్టి, "క్యా బేటీ, అక్ల్ ఆ గయీ?" అన్నాడు, బుద్ధి వచ్చిందా అని. "ఆ గయీ, డాక్టర్ సాబ్," అన్నాను. ఈసారి రెండు తెలివులూ కలిపి, తర్జుమా సరిగ్గానే చేశాను.

కుట్లు మానాక బాబాయి మళ్ళీ క్రేన్ ఎక్కాడు. ఎవరూ సలహా ఇవ్వని చోటికి చేరిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం సైకిలు మీద వచ్చాడు, కాస్త చిక్కిపోయి. కూర్చోకముందే మావయ్య అందుకున్నాడు. "ఇప్పుడు మత్తు లేదు, నొప్పి లేదు. చెప్పు. అదేటంటే?"

బాబాయి జిలేబీ ఒకటి నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు. ఆయనకి గుర్తుందని, దాచాడని నాకు ఇప్పటికీ అనుమానమే. అసలు ఆ వాక్యానికి చివర ఎప్పుడూ లేదేమో అని ఇంకో అనుమానం.

"నాకు తెలీదు గార్డు గారూ," అన్నాడు. "అది ఆ పాతోడికే తెల్సు. నాను కొత్తోడ్ని. మళ్ళీ మొదట్నించి ఎతుకుదాం, సెప్పండి, ఎక్కడున్నాం?"

అమ్మ కెటిల్ తెచ్చి ముందుగా ఆయన గ్లాసు నింపింది. నేను నా స్టూలు ముందుకు జరుపుకున్నాను.